నోటితో చెప్పిన రేటు కాగితం మీద పెట్టమంటే పెట్టని షోరూం - మా నాన్న ఏసీ కథ

విజయవాడ బందరు రోడ్డులో ఒక పెద్ద ఎలక్ట్రానిక్స్ షోరూం, మూడంతస్తులది. పేరు రాయట్లేదు, ఆ రోడ్డు పొడుగునా అలాంటివి చాలానే ఉన్నాయి. ఈ ఏప్రిల్ చివరి శనివారం మా నాన్నని తీసుకుని అక్కడికి ఏసీ కొనడానికి వెళ్ళాను, ఆ రోజు మొదలైంది పద్దెనిమిది రోజులకి గానీ తెగలేదు, అదీ ఏసీ రాకుండానే. జరిగింది జరిగినట్టు రాస్తున్నా, ఎండాకాలం ఇంకా అయిపోలేదు కదా, కొనబోయేవాళ్ళకి పనికొస్తుందని.

మా అమ్మానాన్న తెనాలిలో ఉంటారు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. అమ్మకి ఫిబ్రవరిలో మోకాలి ఆపరేషన్ అయింది, ఎక్కువసేపు మంచం మీదే ఉండాలి, ఆ గది మీద డైరెక్ట్‌గా స్లాబే, మధ్యాహ్నం మూడింటికి ఫ్యాన్ వేస్తే పొయ్యి పక్కన కూర్చున్నట్టు ఉంటుంది. ఏసీ వద్దు వద్దు అని పదేళ్ళ నుంచి అంటున్న నాన్నే ఈసారి తనే ఫోన్ చేసి, అమ్మాయ్ నువ్వొస్తే వెళ్ళి చూసొద్దాం అన్నాడు.

నాన్న ఆర్టీసీ డిపోలో అకౌంట్స్ సెక్షన్‌లో చేసి రిటైర్ అయ్యాడు. ఏ పనికైనా ముందు ఒక కాగితం తయారు చేస్తాడు. ఈసారి కూడా నోట్‌బుక్‌లో పేజీ చింపి పైన గది కొలత రాశాడు, 12 బై 14, కిటికీ పడమర వైపు, పైన స్లాబు, బయటి యూనిట్ పెట్టే చోటుకి టేపు పట్టి కొలిస్తే 5 మీటర్ల పైపు కావాలి. దాని కింద వరసగా ఏసీ రేటు, స్టాండు, అదనపు పైపు, స్టెబిలైజర్, ఫిట్టింగ్, రవాణా, అన్నిటికన్నా కింద మొత్తం. ఏడు లైన్లు, ఎదురుగా ఏడు ఖాళీలు. ఆ ఖాళీలు నింపుకుని రావాలి, నచ్చితే కొనాలి. అంతే మేము వెళ్ళిన పని. రెండున్నర గంటలు ఉన్నా ఆ షోరూంలో ఒక్క ఖాళీ కూడా ఎవరూ నింపలేదు.

గుమ్మం దగ్గరే ట్యాబ్ పట్టుకున్న అమ్మాయి ఫోన్ నంబర్ చెప్పమంది. ఎందుకమ్మా అని నాన్న అడిగితే, నంబర్ లేకపోతే ఎంట్రీ అవ్వదు సార్ అంది. ఇంకా ఏమీ కొనలేదు, లోపలికి అడుగే పెట్టలేదు. ఫోన్ నంబర్ ఇవ్వలేదని అమ్మకం ఆపడం తప్పని కేంద్ర వినియోగదారుల శాఖ 2023 మే లోనే చెప్పింది, నేను ఆ మాట అంటే ఆ అమ్మాయి బిత్తరపోయింది, పాపం ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. సరేలే అని నా నంబర్ ఇచ్చా. ఆ సాయంత్రం నుంచి నాకు లోన్ కావాలా అని ఫోన్లు మొదలయ్యాయి, అంతకుముందు వారంలో ఒక్కటి కూడా రాలేదు.

ఏసీలు రెండో అంతస్తు. లిఫ్ట్‌లో ఫ్రిజ్‌లు ఎక్కిస్తున్నారు, మెట్ల మీంచి వెళ్ళమన్నారు. నాన్నకి 71. పైకి వెళ్ళేసరికి ఆయాసం, కూర్చోడానికి కస్టమర్లకి ఒక్క కుర్చీ లేదు ఆ ఫ్లోర్ మొత్తం మీద. లిఫ్ట్ దగ్గరుండే సెక్యూరిటీ ఆయన చూసి తన ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు, మంచినీళ్ళ బాటిల్ కూడా ఇచ్చాడు.

ఒక విషయం చెప్పాలి, నాకూ ఇదివరకు తెలీదు. ఫ్లోర్ మీద టీషర్ట్‌లు వేసుకుని మనల్ని చుట్టుముట్టే వాళ్ళందరూ షోరూం వాళ్ళు కారు, చాలామంది ఒక్కో కంపెనీ పెట్టుకున్న మనుషులు. వాళ్ళ టార్గెట్ ఆ కంపెనీ మోడల్ అమ్మితేనే నిండుతుంది. అందుకని ఒక టీషర్ట్ అతను పక్క కంపెనీకి తెనాలిలో సర్వీసే లేదన్నాడు, అవతలి టీషర్ట్ అతను వచ్చి ఇతని కంపెనీ గురించి అదే మాట అన్నాడు. గది ఎంత, పైన స్లాబా ఇంకో ఫ్లోరా, ఏ వైపు ఎండ, ఇంట్లో ఎవరుంటారు, ఇలాంటి ప్రశ్న ఒక్కటి కూడా ఇద్దరిలో ఎవరూ అడగలేదు. టన్ను ఎంత కావాలో తేల్చేది అవే కదా. నాన్న తన కాగితం తీసి చూపిస్తే వాళ్ళలో ఒకతను దానివైపు చూడకుండా, మేడం మీ బడ్జెట్ ఎంత అని నన్ను అడిగాడు. డబ్బు కట్టేది నాన్న. కాగితం పట్టుకుని ఎదురుగా నించున్నది నాన్న.

సరే ఒక ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ మోడల్ నచ్చింది. నచ్చడానికి కారణం స్టార్ లేబుల్. 2026 జనవరి 1 నుంచి ఏసీల స్టార్ లెక్క మారింది, గట్టిపడింది. లేబుల్ మీద ఐఎస్ఈఈఆర్ అని ఒక అంకె ఉంటుంది, ఎంత ఎక్కువుంటే కరెంటు అంత తక్కువ తాగుతుందని అర్థం. స్ప్లిట్ ఏసీకి ఆ అంకె 5 ఉంటే నిన్నమొన్నటి దాకా 5 స్టార్, ఇప్పుడు 5.6 ఉండాలి. అంటే పోయిన ఏడాది 5 స్టార్ అని అమ్మిన వాటిలో చాలా మటుకు ఇప్పటి లెక్కలో 4 స్టారే. లేబుల్ మీద ఆ రేటింగ్ ఏ కాలానికి వర్తిస్తుందో కూడా రాసుంటుంది, చిన్న అక్షరాలు, చూడాలి. ఏడాదికి ఇన్ని యూనిట్లు అని వేసేది కూడా 1600 గంటలకే లెక్క, మనం అంతకన్నా ఎక్కువ వాడితే ఎక్కువే వస్తుంది. డిస్‌ప్లేలో ఉన్నదాని మీద కొత్త లేబుల్, 5.7. నాన్న కళ్ళజోడు పైకెత్తి దగ్గరగా పెట్టుకుని చదివి మోడల్ నంబర్ అక్షరం అక్షరం తన కాగితం మీద రాసుకున్నాడు. అప్పుడు నాకు విసుగొచ్చింది, నిజమే చెప్తున్నా. తర్వాత అదొక్కటే మమ్మల్ని కాపాడింది.

ఇక రేటు. ట్యాగ్ మీద పెద్ద అక్షరాల్లో 41,990. ఆ పక్కన బోర్డు, జీఎస్టీ ఆఫర్ 10 శాతం అని. ఏసీల మీద జీఎస్టీ 28 నుంచి 18 కి తగ్గింది 2025 సెప్టెంబర్ 22 న, దేశమంతా, ప్రతి షాపులోనూ. అది వీళ్ళిచ్చే ఆఫర్ ఎలా అవుతుంది? పైగా 128 రూపాయలు పడే వస్తువు 118 కి వస్తే తగ్గింది 7.8 శాతం, పది కాదు, ఇది నాన్న అక్కడే నించుని నోటి లెక్కతో చెప్పాడు. టీషర్ట్ అతను, అదంతా సిస్టమ్‌లో ఆటోమేటిక్‌గా వచ్చేస్తది సార్ అన్నాడు.

41,990 ఫైనలా బాబూ అని నాన్న అడిగాడు. ఫైనలే సార్. దాంట్లో ఏమేం కలిసున్నాయి? అప్పుడు ఒక్కొక్కటీ బయటికొచ్చింది. ఫలానా బ్యాంక్ క్రెడిట్ కార్డుతో ఈఎంఐ పెడితే మూడు వేలు క్యాష్‌బ్యాక్, అది తీసేసి వేసిన రేటు. పాత ఏసీ ఇస్తే రెండున్నర వేలు, అది కూడా తీసేసి వేసిన రేటు. మాకు ఆ కార్డూ లేదు, పాత ఏసీ ఉండుంటే ఇంత దూరం ఎందుకొస్తాం. అంటే మాకు 47,490. మరి ట్యాగ్ మీద ఆ మాట రాయాలి కదా, రాశారు, ఒక చుక్క గుర్తు పెట్టి కింద, వేలి గోరంత కూడా లేని అక్షరాల్లో.

స్టాండు ఎంత, ఎక్స్‌ట్రా పైపు మీటర్ ఎంత అంటే, అది ఫిట్టింగ్ కుర్రాడు వచ్చినప్పుడు చెప్తాడు సార్. ఏసీతో వచ్చే పైపు 3 మీటర్లు, మాకు కావాల్సింది 5, ఆ రెండు మీటర్లకీ ఎంతవుద్దో షాపులోనే తెలియాలి కదా. ఇంటికొచ్చి గోడకి కన్నం పెట్టాక అతను ఎంతంటే అంత ఇవ్వాల్సిందేనా? స్టెబిలైజర్ ఒకసారి అవసరం లేదన్నాడు, ఇంకోసారి అది లేకపోతే వారంటీ రాదన్నాడు. పావుగంట తేడాలో, అదే మనిషి.

మధ్యలో ఫైనాన్స్ కౌంటర్ నుంచి ఒకబ్బాయి వచ్చి నో కాస్ట్ ఈఎంఐ పెట్టేద్దాం, ఆధార్ ఇవ్వండి అని మొదలుపెట్టాడు. మాకు అప్పు అక్కర్లేదు, మొత్తం డబ్బు కడతాం అని చెప్తున్నా వినడు. ప్రాసెసింగ్ ఫీజు 999 మాత్రమే అంటాడు, వడ్డీ లేదంటాడు. వడ్డీ లేని అప్పు ఎవడిస్తాడయ్యా అన్నాడు నాన్న. సున్నా శాతం వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంకే 2013 లో బ్యాంకులకి సర్క్యులర్ ఇచ్చింది, వడ్డీని రేటులోనో ఫీజులోనో కలిపేస్తారు. మొత్తం ఒకేసారి కడతానన్న వాళ్ళకి రేటు తగ్గాలి, ఇక్కడ అప్పు చేసేవాళ్ళకి ఆఫరు, కష్టపడి దాచుకుని డబ్బు తెచ్చినవాళ్ళకి ఐదున్నర వేలు ఎక్కువ. నాకు ఇది అన్నిటికన్నా అన్యాయం అనిపించింది.

నాన్న ఒక్కటే అడిగాడు, ఆ రోజు మొత్తం మీద కనీసం ఆరేడుసార్లు అడిగుంటాడు. నోటితో వద్దు బాబూ, ఇదిగో కాగితం, ఏది ఎంతో దీని మీద రాయి, లేదంటే మీ లెటర్‌హెడ్ మీద కొటేషన్ ఇవ్వు. కొటేషన్ ఇవ్వం సార్, సిస్టమ్‌లో రేటు ఎప్పుడు మారుద్దో మాకే తెలీదు. అయితే మేనేజర్‌ని పిలువు. మేనేజర్ మీటింగ్‌లో ఉన్నారు. నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలు నాన్న ఆ ప్లాస్టిక్ కుర్చీలో కాగితం మడతపెట్టి జేబులో పెట్టుకోవడం, మళ్ళీ తియ్యడం.

మేనేజర్ వచ్చాడు, ముప్పై ఏళ్ళుంటాయి, ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే ఏంటి ప్రాబ్లం అన్నాడు. నాన్న లేచి నించుని చెప్పడం మొదలుపెట్టాడు. సగం విని నావైపు తిరిగి, మేడం, పెద్దాయనకి అర్థం కావట్లేదు, మీరు కొంచెం చెప్పండి అన్నాడు.

ఆ మాట నేను మర్చిపోలేను. వందల మంది జీతాలు, పీఎఫ్‌లు, లక్షల బిల్లులు పైసా తేడా లేకుండా చూసిన మనిషి ఆయన. అర్థం కాకపోవడం కాదు, అందరికన్నా ఎక్కువ అర్థమైంది కాబట్టే కాగితం అడుగుతున్నాడు. నేను గట్టిగానే అన్నాను, అడిగినదానికి సమాధానం చెప్పలేక మా నాన్నని తక్కువ చేస్తారేంటండీ అని. చుట్టూ ఉన్నవాళ్ళు చూశారు. మేనేజర్ సారీ మేడం అన్నాడు, నాకు. నాన్నకి కాదు.

అప్పుడే వచ్చేయాల్సింది. వచ్చేద్దాం అన్నాడు కూడా నాన్న. నేనే ఆపాను. అమ్మ ఆ గదిలో ఉడికిపోతుంటుంది, నాకు సోమవారం ఆఫీసు, మళ్ళీ ఎప్పుడు వస్తానో, ఒక వెయ్యి అటూ ఇటూ అయినా అయిపోతుంది కదా అనుకున్నా. గోడౌన్‌లో ఒక్క పీసే ఉంది, రేపు ఆదివారమే డెలివరీ, సోమవారం ఫిట్టింగ్, ఇప్పుడు పది వేలు అడ్వాన్స్ కడితే బ్లాక్ చేస్తాం అన్నారు. ఫోన్‌లోంచి పది వేలు నేనే పంపించాను.

రసీదు చూస్తే దాని మీద ఏసీ 1.5 టన్ అడ్వాన్స్ 10,000 అని మాత్రమే ఉంది. మోడల్ నంబర్ లేదు, మొత్తం ఎంతో లేదు. నాన్న వెంటనే, మోడల్ నంబర్ వెయ్యండి దీని మీద అన్నాడు. క్యాషియర్, సిస్టమ్‌లో ఉంటది సార్, ఏం భయం లేదు అన్నాడు. వెనకాల జనం, లైను. నాన్న నావైపు చూశాడు, నేను పదండి నాన్నా అన్నాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. వారధి దాటాక మాత్రం, వెయ్యమంటే ఎందుకు వెయ్యలేదమ్మా, ఒక లైనే కదా అన్నాడు.

ఆదివారం రాలేదు. ఫోన్ చేస్తే బ్రాంచ్ నంబర్ మోగుతుంది, ఎత్తరు. టీషర్ట్ అతను తన నంబర్ ఇచ్చాడు, అతనేమో నేను కంపెనీ మనిషిని మేడం, డెలివరీ షోరూం వాళ్ళది అన్నాడు. కస్టమర్ కేర్‌కి చేస్తే తెలుగుకి రెండు నొక్కండి, నొక్కితే పాట, పన్నెండు నిమిషాల పాట, తర్వాత కట్. నేను సెలవు పొడిగించుకున్నా. సోమవారం రాలేదు. మంగళవారం వచ్చేస్తుంది అని మెసేజ్, రాలేదు.

బుధవారం మధ్యాహ్నం వ్యాన్ వచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు, పెట్టెలు దించేసి మిగిలిన డబ్బు కట్టి సంతకం పెట్టండి సార్, ఇంకా మూడిళ్ళు ఉన్నాయి అని తొందర. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, తన కాగితం తెచ్చుకుని పెట్టె మీద నంబర్ చదివాడు. చివరి రెండు అక్షరాలు తేడా. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం ఉంటాయి, వెయ్యాలని రూలు, చూస్తే మార్చి 2025. ఒకసారి పైన విప్పు బాబూ అన్నాడు. విప్పితే లోపలి యూనిట్ మీద లేబుల్ పాతది, 5.1. ఐదు స్టార్లూ ఉన్నాయి, కానీ పోయినేడాది లెక్కవి. మేము చూసింది 5.7 ది. అంటే ఏడాది నుంచి గోడౌన్‌లో ఉన్న పాత స్టాకు, కొత్తదాని రేటుకి మా ఇంటికి పంపించారు. పాత స్టాకు అమ్మడం వేరు, ఇది పాతది, ఇంత తగ్గిస్తాం అని చెప్పి అమ్మితే కొనుక్కునేవాళ్ళు కొనుక్కుంటారు. చెప్పకుండా మార్చడం వేరు.

నాన్న సంతకం పెట్టలేదు. కుర్రాళ్ళకి మజ్జిగ ఇచ్చి, మీ తప్పేం లేదు, వెనక్కి తీసుకెళ్ళండి అన్నాడు.

షోరూంకి చేస్తే ఈసారి మేనేజర్ దొరికాడు. రెండూ ఒకటే మేడం, రెండూ 5 స్టారే అన్నాడు. కాదండీ మేము చూసిన మోడల్ నంబర్ ఇదీ అని చదివితే ఏమన్నాడో తెలుసా, రసీదు మీద ఆ మోడల్ నంబర్ ఉందా మేడం అన్నాడు. మేము వెయ్యమని అడిగితే వెయ్యనిది మీరే కదా అంటే, అది క్యాష్ కౌంటర్ వాళ్ళనడగాలి. అడ్వాన్స్ వెనక్కివ్వండి అంటే రసీదు వెనకాల చూడండి, అడ్వాన్స్ తిరిగి ఇవ్వబడదు అని ఉంటది అన్నాడు. ఉంది. అది మాత్రం అచ్చు వేయించారు.

నేను హైదరాబాద్ వచ్చేశాక రోజూ మెయిల్ పెట్టాను, ఒక్కదానికీ జవాబు లేదు. వారం అయ్యాక 1915 కి ఫోన్ చేశా. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా. ఆవిడ ఓపిగ్గా అంతా విని రసీదు ఫొటో, పెట్టె మీద నంబర్ ఫొటో అప్‌లోడ్ చేయించుకుని ఒక ఫిర్యాదు నంబర్ ఇచ్చింది. ఇది కోర్టు కాదు, కంపెనీకి పంపి సర్దుబాటు చేయిస్తారు. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళొచ్చు, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, లాయర్ లేకుండా మనమే వెళ్ళొచ్చు. వస్తువు ఒక మోడల్ అని చెప్పి ఇంకోటి అంటగట్టడం, సరైన బిల్లు ఇవ్వకపోవడం 2019 చట్టంలో అనుచిత వ్యాపార పద్ధతుల కిందికే వస్తాయి. ఫిర్యాదు నంబర్ వేసి మళ్ళీ మెయిల్ పెట్టాను. ఈసారి జవాబొచ్చింది, మీ అసౌకర్యానికి చింతిస్తున్నాం అని. పద్దెనిమిదో రోజున పది వేలు అకౌంట్‌లో పడ్డాయి. ఫోన్ చేసి ఎవరూ ఏమీ చెప్పలేదు, క్షమించమనే మాట నాన్నకి ఇప్పటిదాకా ఎవరూ అనలేదు.

ఏసీ తెనాలిలోనే కొనేశాడు నాన్న, వ్యాన్‌ని తిప్పి పంపించిన మర్నాడే, నేను చెప్పేలోపే. బందరు రోడ్డు రేటు మీద తొమ్మిది వందలు ఎక్కువైంది, స్టెబిలైజర్ రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ కాగితం నాకు ఫొటో తీసి పంపించాడు. ఏడు ఖాళీలూ నిండి ఉన్నాయి, వేరే చేతిరాత, నీలం పెన్ను, కింద షాపు స్టాంపు. స్టెబిలైజర్ ఎదురుగా రేటు పక్కనే శనివారం ఇస్తాం అని రాసుంది, శనివారమే ఇచ్చారు.

బందరు రోడ్డు షోరూంకి నేను ఒక స్టార్ ఇస్తున్నాను. అది రెండో అంతస్తులో మా నాన్నకి తన కుర్చీ వేసి, మేము ఉన్న రెండున్నర గంటలూ లిఫ్ట్ పక్కన నించునే ఉన్న సెక్యూరిటీ ఆయనకి.